రాయపూర్‌లో ఒక సముద్రపు ఎల్ఫు

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక నన్ను తిన్నగా ఇంటికి పోనివ్వకుండా మా వార్డు చిన్న నర్సులిద్దరు తెలీబంధా చెరువు పక్కన కొత్తగా తెరిచిన కాఫీ దుకాణానికి లాక్కుపోయారు. నా ఈడు వాళ్ళు అలాంటి చోట చేయగలిగే పని ఒక్కటే, కప్పులో నురగ మీద గీసిన ఆకు బొమ్మని చూసి ఆశ్చర్యపోయినట్టు నటించడం. నేను ఆ నటనలో ఉండగా పక్క బల్ల దగ్గర కుర్రకారు గట్టిగా వాదించుకోవడం మొదలుపెట్టారు. బల్ల నిండా కాగితాలు, పెన్సిళ్ళు, రంగురంగుల పాచికలు, అవి కూడా మన వైకుంఠపాళీ పాచికల్లా కాదు, ఎన్ని ముఖాలున్నాయో వాటికే తెలియనట్టున్నాయి. ఒకమ్మాయి తనది అడవి ఎల్ఫు కానే కాదని, మేటి ఎల్ఫని, ఆ రెంటికీ తేడా తెలియని వాళ్ళతో ఆడటం తన తలరాతని హిందీలో వాపోతోంది. నా చెవులు వాటంతటవే నిక్కబొడుచుకున్నాయి. ఎల్ఫుల చెవులు పొడుగ్గా ఉంటాయంటారు కదా, నావి ఆ రోజు ఏ మాత్రం తీసిపోలేదు.

వెనక్కి తిరిగి, మరి సముద్రపు ఎల్ఫులు ఇప్పుడూ ఉన్నారా అమ్మా అని అడిగాను. ఆ పిల్ల నన్ను, నా తెల్ల చీరని, నా చేతిలోని బైబిల్ సంచీని చూసి, "ఆంటీ, ఆప్ భీ ఖేల్‌తీ హై?" అంది. ఆడేదాన్ననీ, ఇప్పుడు సముద్రపు ఎల్ఫుగా రిటైరుమెంటుకి దగ్గర పడ్డాననీ చెబితే మా చిన్న నర్సులు కాఫీలో చక్కెర ఎక్కువైందనుకున్నారు.

నా ఈడు పాఠకుల్లో ఎల్ఫులంటే తెలియని వాళ్ళుంటే వాళ్ళ కోసం ఒక మాట. ఇది నలుగురు కూర్చుని కలిసి కథ అల్లుకునే ఆట. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలిన వాళ్ళు తలో పాత్రా అయి ఆ కథలో తిరుగుతారు, పని అయిందా కాలేదా అన్నది పాచిక చెబుతుంది. అందులో మనుషులతో పాటు గడ్డాల మరుగుజ్జులు, ఇంకా ఏవేవో జాతులుంటాయి. వాటిలో ఎల్ఫులు సన్నగా, అందంగా, వందల ఏళ్ళు బతుకుతారు. గంధర్వులా, యక్షులా అని నేను మొదట్లో అడిగితే మా ఆయన ఆలోచించి, పొడుగు చెవుల పొగరుబోతులని తేల్చారు. అంతకన్నా మంచి అనువాదం నాకు ఇప్పటికీ దొరకలేదు.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో పెళ్ళయి నేను నర్సాపురం నుంచి రాయపూర్ వచ్చాను. మామగారి కాలం నుంచీ రైల్వేలో పనిచేస్తూ ఇక్కడే స్థిరపడిన కుటుంబం మా వారిది. ఇంట్లో అత్తగారు, మా ఆయన, భిలాయిలో ఇంజనీరింగు చదువుతూ ఆదివారాలు ఇంటికొచ్చే మరిది. నేను మిషన్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకుని, అక్కడే కొన్నాళ్ళు పనిచేసి మంచి పేరు తెచ్చుకున్న దాన్ని. సూది వేస్తే తెలియదని రోగులు చెప్పుకునేవారు. ఇక్కడ తీరా చూస్తే నా నోరే నాకు తెలియకుండా పోయింది. హిందీ ఒక్క ముక్క రాదు. బస్సులో దిగాల్సిన చోటు చెప్పలేక దిగిన చోటే నాది అనుకుని నడిచొచ్చిన రోజులున్నాయి.

ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంటర్వ్యూకి వెళ్ళాను. మేట్రన్ మలయాళీ ఆవిడ. నా కాగితాలు చూసి మెచ్చుకుంది, ఇంగ్లీషులో ప్రశ్నలడిగి తృప్తిపడింది, ఆ తర్వాత, పల్లెల నుంచి వచ్చే రోగులతో ఎలా మాట్లాడతావని అడిగింది. నేను నవ్వాను. నవ్వు అన్ని భాషల్లోనూ ఒకటే అని ఎవరో రాయగా చదివాను, కానీ ఆ రాసినవాళ్ళు ఇంటర్వ్యూలకి వెళ్ళి ఉండరు. వానలు వెలిశాక మళ్ళీ రమ్మనీ, అప్పటికి మాట వస్తే చూద్దామనీ మర్యాదగా పంపేసింది.

ఇంట్లో అత్తగారు మంచిదే, కానీ లెక్క తేలని విషయాలంటే ఆవిడకి పడదు. ఇక్కడ పని దొరక్కపోతే నర్సాపురంలో పాత ఉద్యోగం ఉండనే ఉంది కదా, పోయి చేసుకోమ్మా, వాడు సెలవులకి వచ్చి వెళతాడు అని తేల్చేశారు. రైల్వేలో అలా ఒకరొక చోట, ఒకరొక చోట కాపురాలు చేసే వాళ్ళు చాలామందే ఉండేవారు. ఆవిడ దృష్టిలో అది కష్టం కాదు, ఏర్పాటు. ఆ రాత్రి మా ఆయన అన్నం కలిపి కలిపి వదిలేశారు. వానలు వెలిసేలోగా ఏం చేసైనా సరే ఈ ఊళ్ళో నోరు తెరవాలని నేను ఆ కంచం చూసి నిశ్చయించుకున్నాను.

సరిగ్గా అప్పుడే మరిది కాలేజీ నుంచి ఈ ఆట నేర్పే లావుపాటి జెరాక్స్ పుస్తకం తెచ్చాడు. అట్ట మీద నాలుక చాపిన రాక్షసి బొమ్మ. ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా, కుక్కరైనా కోడలైనా, మా అత్తగారు చెయ్యి వేసి ప్రార్థన చేయనిదే వాడనివ్వరు. ఆ పుస్తకం మీదా చెయ్యి వేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, మా అందరికంటే ఆ రాక్షసి కోసమే ఎక్కువసేపు ప్రార్థించి, ఇక ఆడుకోండని ఇచ్చారు. ముఖాలు ఎక్కువున్న పాచికలు అప్పట్లో ఈ ఊళ్ళో దొరికేవి కావు. అందుకని రైల్వే ఇన్‌స్టిట్యూట్ నుంచి అంకెలున్న తంబోలా బిళ్ళలు తెచ్చి, ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి గుడ్డసంచీలో వేసి తీసేవాళ్ళం. మా ఇంట పాచికలే లేవు కనక పాచిక పారలేదని బాధపడే అవకాశం ఎవరికీ లేకపోయింది.

ఆడేవాళ్ళు, కథ నడిపే మరిది కాక, మేము నలుగురం. మా ఆయన. ఆయన చిన్ననాటి స్నేహితుడు, పండరీ బజారులో బట్టల కొట్టు ఉన్న భయ్యా. పై వాటాలో ఉండే దీదీ, ఛత్తీస్‌గఢీ ఆవిడ, బడిలో పాఠాలు చెప్పి చెప్పి ఆదివారం కూడా గొంతు తగ్గించడం మరిచిపోయిన మనిషి. నన్ను మొదట పకోడీలు అందించే పాత్రకే పరిమితం చేశారు. నేను పళ్ళెం అక్కడ పెట్టి అక్కడే కూర్చున్నాను.

నన్ను ఎల్ఫువి అవమన్నాడు మరిది. ఎల్ఫుల్లో ఎన్ని రకాలున్నాయో అతను చెబుతూ పోతే నాకు మా వైపు పేటల పేర్లు వింటున్నట్టే ఉంది. మేటి ఎల్ఫులు చదువుకున్నవాళ్ళు, మంత్రాలు వచ్చినవాళ్ళు, ఎవరితోనూ కలవరు. అడవి ఎల్ఫులు ఆకుల్లో ఆకులై తిరుగుతారు. చీకటి ఎల్ఫులు భూమి కింద ఉంటారు, ఎండకి కళ్ళు తెరవలేరు, పుట్టుకతోనే చెడ్డవాళ్ళు. ఇక్కడ నేను అడ్డుపడ్డాను. పుట్టుకతో చెడ్డ పిల్లని నేనింతవరకూ ప్రసూతి వార్డులో చూడలేదయ్యా అన్నాను. పుస్తకంలో రాసుంది వదినా అన్నాడు. రాసినవాడు ఒక్క పురుడైనా చూశాడా అని అడిగాను. మరిది పేజీ తిప్పేశాడు. ఎల్ఫులు నిద్రపోరనీ, రాత్రి నాలుగు గంటలు ధ్యానంలో కూర్చుని లేచిపోతారనీ కూడా ఉంది. అంటే వీళ్ళంతా నైట్ డ్యూటీ నర్సులన్నమాట అని నాకు అప్పుడే వాళ్ళ మీద ఆపేక్ష కలిగింది.

చివర్లో, చిన్న అక్షరాల్లో, సముద్రపు ఎల్ఫులు. నీళ్ళలో ఉంటారు, వైద్యం తెలుసు, గట్టు మీద ఎక్కువకాలం బతకలేరు. నేను ఇదే అన్నాను.

"వదినా, కథంతా అడవిలో. సముద్రమే లేదు."

"రాయపూర్‌లో మాత్రం ఉందా? నేను లేనూ?"

భయ్యా పకోడీ నమలడం ఆపి, "భాభీ, సముందర్ కహాఁ సే లావోగీ?" అని పడీ పడీ నవ్వాడు, మా ఆయన అర్థం చెప్పేదాకా నేనూ అతనితో పాటే నవ్వాను. సముద్రం ఎక్కణ్ణుంచి తెస్తావని అట. తేను, నేనే నడుచుకుంటూ పోతాను అన్నాను. ఎంత చెప్పినా వినకపోయేసరికి మరిది తల గోక్కుని ఒక నియమం పెట్టాడు. నా ఎల్ఫు రోజూ ఒకసారి నీళ్ళలో మునగాలి, లేకపోతే వాడిపోతుంది. దీదీ వెంటనే, మా ఛత్తీస్‌గఢ్ అడవుల్లో చెరువు లేని ఊరుందా, పద అంది. అప్పటినుంచి మా కథ అడవిలో వెతకాల్సిన నిధిని వదిలేసి చెరువులు వెతుక్కుంటూ తిరిగింది. భయ్యా మరుగుజ్జు వీరుడు. అంత పెద్ద గొడ్డలి మోసుకుని ఒకావిడ స్నానానికి కాపలా కాయాల్సి వచ్చిందని ప్రతి వారమూ వాపోయేవాడు.

ఇంకో నియమం కూడా పెట్టాడు మరిది, దాంతోనే నా బతుకు మారింది. ఎల్ఫులకి సొంత భాష ఉంటుంది, అందరూ మాట్లాడే మాట వేరే ఉంటుంది. మా ఆటలో తెలుగు ఎల్ఫుల భాష అయింది. నేను తెలుగులో ఏమన్నా, సగం ఎల్ఫూ సగం మనిషీ అయిన మా ఆయన మాత్రమే దాన్ని మిగతావాళ్ళకి చెప్పాలి. కానీ వైద్యం చెయ్యాలంటే దెబ్బ తగిలిన వాడి మాటలోనే, ఎక్కడ నొప్పో నేనే అడిగి తెలుసుకోవాలి. దారిలో తగిలే పల్లెవాళ్ళందరి పాత్రలూ దీదీయే వేసేది. ముసలమ్మలు, పడవవాళ్ళు, కోపిష్టి పూజారులు, అందరూ ఆవిడ గొంతులోంచే ఒకరి మీదొకరు పడుతూ వచ్చేవారు.

కొన్ని వారాలు నెట్టుకొచ్చాను. ఎల్ఫు సైగలు చేసేది, మా ఆయన చూసీ చూడనట్టు అందించేవారు. ఒక ఆదివారం వర్క్‌షాపులో అర్జెంటు పని పడి ఆయన రాలేదు. సరిగ్గా ఆ రోజే గుహలో మరుగుజ్జు కూలాడు. భయ్యా నిజంగానే చాప మీద వెల్లకిలా పడుకుని ప్రాణాలు వదలడం మొదలుపెట్టాడు. పక్కన దీదీ దగ్గరి పల్లె ఆడమనిషి అయి గుండెలు బాదుకుంటోంది.

"ఏ బహినీ, దేఖ్ న ఓ, గిర్ గే హే!"

చూడమ్మా, పడిపోయాడు అంటోందని ఆవిడ చేతులు చూసే అర్థమైంది. మరిది వైపు చూశాను. అతను సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"భాభీ," అన్నాడు భయ్యా కళ్ళు మూసుకునే, "మర్‌నే సే పహలే ఏక్ పకోడీ తో దే దో."

చచ్చే ముందు పకోడీ అడిగాడని తెలుసుకోవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది, ఆ క్షణం నుంచే నా భయం వదిలిందనుకుంటాను. పళ్ళెం అవతలికి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, ఇన్ని వారాలుగా దీదీ పల్లెవాళ్ళ నోట విన్న ముక్కలు ఒక్కొక్కటే ఏరి, "కహాఁ... పిరావత్ హే?" అన్నాను. ఎక్కడ నొప్పిగా ఉంది అని. దీదీ ఏడుపు ఆపేసి నన్ను కావలించుకుంది. ఆ కేకలకి వంటింట్లోంచి అత్తగారు గరిటెతో పరుగెత్తుకొచ్చి, ఎవరికేమైందని అడిగారు. నాకు మాటొచ్చిందని మరిది చెప్పాడు. ఎప్పుడు పోయింది అని ఆవిడ.

ఇక నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు. వంట చేస్తూ, బట్టలారేస్తూ, దీదీ వెనకాలే కూరల బజారుకి నడుస్తూ నేర్చుకున్నాను. ఎల్ఫు కోసం కొత్త కొత్త రోగాలు కల్పించి అడిగేదాన్ని. కడుపునొప్పికి ఏమంటారు, కళ్ళు తిరిగితే ఏమంటారు, భయపడకు అనాలంటే ఏమనాలి. "ఝన్ డర్రా" అంది దీదీ. ఆ మాట ఎంత నచ్చిందంటే, చెరువులో ఎదురైన మొసలితో కూడా నా ఎల్ఫు ఝన్ డర్రా అనే అంది.

వానలు వెలిశాయి. నేను ఇస్త్రీ చీరతో, ఇంతకంటే ధైర్యం ఏ ఎల్ఫుకీ ఉండదన్నంత ధైర్యంతో వెళ్ళి మేట్రన్ ఎదుట కూర్చున్నాను. పక్కన ఒక డాక్టరు. కడుపునొప్పితో రోగి వచ్చాడనుకో, హిందీలో మాట్లాడి చూపించు అంది. నేను మొదలుపెట్టాను. ఆగలేదు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం తిన్నావు, భయపడకు, నేనున్నాను. డాక్టరు దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మేట్రన్ కళ్ళజోడు తీసి, ఇది హిందీ అని నీకెవరు చెప్పారని అడిగింది.

ఎవరూ చెప్పలేదు. అదే వచ్చిన చిక్కు. నేను నేర్చుకున్నది ఛత్తీస్‌గఢీ. దీదీ తన పల్లెవాళ్ళ నోట సహజంగా వాళ్ళ మాటే పలికించింది. నేనూ సరదాగా ఆ మాటే అందుకున్నానని వాళ్ళనుకున్నారు, ఈ దేశమంతా మాట్లాడే హిందీ ఇదేనని నేననుకున్నాను. హిందీ క్షుణ్ణంగా వచ్చిన మా ఆయనకి ఆ గుహ ఆదివారం మొదలు వానలు వెలిసేదాకా ఆదివారాలు డ్యూటీలే. మిగతా రోజుల్లో, ఆయన్ని ఆశ్చర్యపరచాలని ఆయన ముందు నేను నోరు మెదపలేదు. అలా నేనొక్కదాన్నే చేయగల తప్పుని ఎంతో శ్రద్ధగా, వారాల తరబడి కష్టపడి చేశాను.

లేచి నమస్కారం పెట్టి వచ్చేయాల్సిందే. కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాను. ఇంటికెళితే పెట్టె సర్దుకోవడమే, నర్సాపురం టిక్కెట్టే, సెలవులకి వచ్చి వెళ్ళే భర్తే. నేను ఇంగ్లీషులో, మీ దగ్గరికి వచ్చే పల్లెవాళ్ళు మాట్లాడేది ఇదేనా కాదా, ఒక్క మంచం దగ్గరికి తీసుకెళ్ళండి, అప్పుడు పంపేయండి అన్నాను. మేట్రన్ లేచి వార్డు వైపు నడిచింది.

వార్డు చివరి మంచం మీద కాలికి కట్టుతో ఒక ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొద్దుటి నుంచీ సూది వేయించుకోనంటున్నాడట. పక్కన కూర్చుని, కహాఁ పిరావత్ హే బబా అన్నాను. ఆయన ఇటు తిరిగాడు. తిరిగి, నొప్పి సంగతి వదిలేసి, "మోర్ బైలా మన్ లా కోన్ దేఖ్‌హీ?" అన్నాడు. నా ఎద్దుల్ని ఎవరు చూస్తారు. సూది వేస్తే ఇంకా కొన్నాళ్ళు ఇక్కడే ఉంచేస్తారన్నది ఆయన దిగులు. ఎద్దుల పేర్లు చెప్పాడు, కొడుకు సోమరితనం చెప్పాడు. సగం అర్థమైంది, తక్కిన సగం తలూపాను. సూది వేస్తే కాలు తొందరగా మానుతుంది, ఎద్దులు నీకోసమే ఎదురుచూస్తుంటాయి, ఝన్ డర్రా అన్నాను, అన్నాననే అనుకుంటున్నాను. ఆయన చెయ్యి చాపాడు.

బయటికొచ్చాక మేట్రన్, సోమవారం నుంచి రమ్మంది. రెండడుగులు వేసి ఆగి, హిందీ కూడా నేర్చుకో అంది.

ఆట ఆ తర్వాత ఎక్కువకాలం సాగలేదు. నాకు డ్యూటీలు, మరిదికి పుణెలో ఉద్యోగం. భయ్యా కొట్టు ఇప్పుడు కొడుకు చూస్తున్నాడు, ఎప్పుడైనా వెళితే భాభీకి ధర తగ్గించమని చెప్పి, ఎందుకు తగ్గించాలో చెప్పబోయి నవ్వేస్తాడు. దీదీ పోయి చాలా ఏళ్ళయింది. మా వార్డులో ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకి నా అవస్థ లేదు. ఫోను తీసి రోగి నోటి ముందు పెడతారు, అది ఏ భాష నుంచి ఏ భాషలోకైనా చెప్పేస్తుంది. నేనేమీ తప్పుపట్టను, పని జరుగుతోంది. ఫోనుకి ఎద్దుల పేర్లు చెప్పుకునే వాళ్ళని మాత్రం నేనింకా చూడలేదు.

మారింది ఫోన్లొక్కటే కాదు. నేను అంత మొండికేసి నేర్చుకున్న మాట వార్డులో రోజురోజుకీ సన్నబడుతోంది. పోయినవారం ఒక ముసలమ్మని చేర్చారు. అలవాటుగా పక్కన కూర్చుని ఆవిడ మాటలోనే పలకరించాను. ఆవిడ మనవడి వైపు ఒకసారి చూసి, ముద్దముద్దగా హిందీలో జవాబు చెప్పింది. "ఆంటీ, హిందీ మే బోలియే, దాదీ కో హిందీ ఆతీ హై," అన్నాడు మనవడు, నానమ్మకి హిందీ వచ్చు, అందులోనే మాట్లాడండని, కొంచెం నొచ్చుకుంటూనే. సరే బాబూ అని మందుల చీటీ ఇచ్చి కిందికి పంపాను. నేను మాత్రం లేవలేదు, మళ్ళీ నా మాటలోనే అడిగాను. ఆవిడ తలుపు వైపు చూసి, నా చెయ్యి పట్టుకుని, నడుం నుంచి మోకాలి దాకా ఎక్కడెక్కడ నొప్పో, ఎవరెవరి వల్లో, అంతా చెప్పుకొచ్చింది. చెప్పి, నా ముఖంలోకి పరీక్షగా చూసి, "ధమ్తరీ కోతీ కే హస్ కా, నోనీ?" అంది. ధమ్తరీ వైపు పిల్లవా అని.

దీదీ పుట్టిన ఊరు ధమ్తరీ పక్కనే. నేను ఆ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. అవునమ్మా అన్నాను. ఇద్దరం ఇంకా కాసేపు మాట్లాడుకున్నాం. మనవడి చెప్పుల చప్పుడు వినబడగానే ఆవిడ, పైట సర్దుకున్నంత తేలిగ్గా, హిందీలోకి సర్దుకుంది.